వెన్నులో జివ్వుమన్నంత మాత్రాన: ధ్యానం, ఎనర్జీ, బౌద్ధం గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మేడ మీద రేకుల షెడ్డులో పదిహేనేళ్ళుగా ధ్యానం నేర్పుతున్నాను. పొద్దున ఐదున్నరకు ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళు చాలావరకు ఫోన్లో ఎన్నో వీడియోలు చూసి, ఎన్నో వాదనలు విని వస్తున్నారు. ఎలా కూర్చోవాలి, నడుం నొప్పి పుడితే ఏం చేయాలి అని అడిగేవాళ్ళు తక్కువ. "చక్రాలు తెరుచుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?", "బుద్ధుడు ఆత్మే లేదన్నాడు కదా, మరి జపం దేనికి?" అని మొదటి రోజే అడుగుతారు. అడగడం మంచిదే. కానీ కొన్ని అపోహలు మనుషుల ఆరోగ్యం దాకా, సంసారం దాకా పోవడం కళ్ళారా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒంట్లో ఏదో కదిలితే శక్తి మేల్కొన్నట్టే

ఒక రాత్రి పదకొండు దాటాక శ్రీకాళహస్తి నుంచి ఫోన్ వచ్చింది. మా దగ్గర నేర్చుకునే డిగ్రీ కుర్రాడు. "సార్, వేళ్ళు జివ్వుమంటా ఉండాయి. మూతి చుట్టూ తిమ్మిరెక్కింది. చేతులు కొంకర్లు పోతా ఉండాయి. కుండలిని లేచినట్టేనా సార్?" కుండలిని అంటే వెన్ను అడుగున నిద్రపోతూ ఉంటుందని యోగులు చెప్పే శక్తి. గొంతులో సగం భయం, సగం సంతోషం. ఏం చేశావంటే, వీడియో పెట్టుకుని నలభై నిమిషాలు ఆపకుండా భస్త్రిక, అంటే గబగబా గట్టిగా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామం, చేశానన్నాడు. ఆపేసి కూర్చోమని, ముక్కుతో మెల్లగా తీసుకుని అంతకంటే మెల్లగా వదలమని చెప్పి లైన్లోనే ఉన్నాను. పావుగంటకు తగ్గింది. తగ్గాక "పాయె సార్" అన్నాడు, చేతిలోది జారవిడుచుకున్నవాడిలా.

వాస్తవం: ఒంటికి అవసరమైనదాని కంటే వేగంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో రక్తం క్షార గుణం వైపు జరుగుతుంది, అందులో విడిగా తిరిగే కాల్షియం తగ్గుతుంది, నరాలు అతిగా స్పందిస్తాయి. వేళ్ళలో, పెదాల చుట్టూ తిమ్మిరి, చేతులు బిగుసుకుపోవడం, తల తేలిపోవడం అందువల్లే. టెన్షన్ ఎక్కువై గబగబా ఊపిరి తీసుకునేవాళ్ళకు కూడా అచ్చం ఇలాగే అవుతుంది. కనుబొమల మధ్య బరువు గురించి అడిగేవాళ్ళూ ఎక్కువే. కళ్ళు మూసుకుని అక్కడే చూడాలని పట్టుబడితే నుదుటి కండరాలు, కంటి కండరాలు బిగుస్తాయి. నుదురు వదులు చేసి చూడండి, చాలామందికి అక్కడితో పోతుంది.

శ్వాస మామూలుగా నడుస్తూ, మనసు నిలిచినప్పుడు వచ్చే అనుభవాలు వేరు. అవి ఉట్టివని నేను అనను. పాళీ బౌద్ధంలో వాటికి పీతి, అంటే ఆనందపు పులకింత, అని పేరుంది. 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథంలో పీతి ఐదు రకాలని చెప్పాడు: వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా చేసేది, ఉండి ఉండి మెరుపులా మెరిసేది, ఒడ్డున అలలు విరిగినట్టు ఒంటి మీద విరిగేది, ఒళ్ళు తేలికై లేచిపోయినట్టు చేసేది, ఒళ్ళంతా నిండిపోయేది. ఇవాళ వీడియోల్లో "ఎనర్జీ" అంటున్న దాంట్లో చాలా భాగం ఇందులో ఉంది. అదే గ్రంథం, విపశ్యన (ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించే ధ్యానం) సాగుతున్నప్పుడు కనిపించే వెలుగును, పీతిని, ప్రశాంతతను పది ఉపక్కిలేసాల్లో, అంటే సాధనకు పట్టే మకిలిలో చేర్చింది. వెలుగు కనబడగానే సాధకుడు గమ్యం చేరిపోయానని నమ్మి, చేస్తున్న పని వదిలేస్తాడని దాని హెచ్చరిక.

మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారికి 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయిలో మెడ వెనక, వెన్నులో భరించలేని నొప్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వచ్చాయి. అది కుండలినే అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. ఆయన మాత్రం దాన్ని ఒక పద్ధతిగా ఎవరికీ నేర్పలేదు, దాని కోసం ప్రయత్నించమని ఎవరికీ చెప్పలేదు. తన కోసం పెట్టిన సంఘాన్ని కూడా 1929లో తనే రద్దు చేశారు. ఆయన పుట్టిన నేల మీద ఉన్న మనం ఈ రెండో సగం కూడా గుర్తుపెట్టుకోవాలి.

తొలి రోజుల్లో నా దగ్గర ఎవరైనా వెలుగు కనబడింది, వెన్నులో పాకింది అంటే "చాలా బాగుంది" అనేవాణ్ణి. మెచ్చుకుంటే ఉత్సాహం వస్తుందనుకున్నాను. మరుసటి రోజు నుంచి ఆ మనిషి శ్వాసను గమనించడం మానేసి, ఆ వెలుగు మళ్ళీ వస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చునేవాడు. అలా కొందరి ఏడాది, రెండేళ్ళు నా మాట వల్లే వృథా అయ్యాయి. ఇప్పుడు "వచ్చింది, పోతుంది, శ్వాస దగ్గరకు రా" అని మాత్రమే చెబుతున్నాను.

అపోహ: ఏడు చక్రాలు, ఏడు రంగులు, రేకి అన్నీ బుద్ధుడు చెప్పినవే

వాస్తవం: బుద్ధుడి బోధలున్న పాత గ్రంథాలైన పాళీ సుత్తాల్లో కుండలిని లేదు, వెన్నెముక వెంట శక్తి కేంద్రాలని చెప్పే చక్రాలూ లేవు. బౌద్ధంలో చక్రాలు వచ్చింది శతాబ్దాల తర్వాత, తంత్ర మార్గం పట్టిన వజ్రయాన శాఖ గ్రంథాల్లో. అక్కడ కూడా లెక్క వేరు, హేవజ్ర తంత్రంలో నాలుగే. మనకు అలవాటైన ఆరు చక్రాలు, పైన సహస్రారం అనే లెక్క బాగా ప్రచారంలోకి రావడానికి 1577లో పూర్ణానంద రాసిన షట్చక్ర నిరూపణం ముఖ్య కారణం. దాన్ని జాన్ వుడ్రాఫ్ 1919లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అందులో రంగులు చూడండి. నాభి దగ్గరి మణిపూర పద్మం రేకులు వానమబ్బు రంగు, గుండె దగ్గరి అనాహతం మంకెన పువ్వు ఎరుపు. ఇప్పుడు పోస్టర్ల మీద మణిపూరం పసుపు, అనాహతం ఆకుపచ్చ. ఆ ఇంద్రధనుస్సు వరుస 20వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో తయారైంది. ఎవరైనా "మీ గుండె దగ్గర ఆకుపచ్చ తగ్గింది" అని చెప్పి డబ్బులు అడిగితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

చేతులు ఉంచి శక్తి పంపుతామనే రేకిని జపాన్‌లో మికావో ఉసుయ్ 1922లో మొదలుపెట్టాడు. ఒంటిని తాకకుండా చేసే ప్రాణిక్ హీలింగ్ ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సుయ్‌ది. రెండూ కొత్తవే. కొత్తవైనంత మాత్రాన పనికిరానివని కాదు, వాటికి బుద్ధుడి పేరు తగిలించి అమ్మడం తప్పు. గోయెంకా గారి విపశ్యన శిబిరానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, ఆ 10 రోజులూ జపం, పూజ, వేరే ధ్యానాలు, హీలింగ్ పద్ధతులు అన్నీ పక్కన పెట్టమంటారు. అవి చెడ్డవని కాదు, ఈ పద్ధతిని కలగాపులగం చేయకుండా పరీక్షించుకోవడానికి అని నియమావళిలోనే రాసి ఉంటుంది. ఆ నియమం నాకు చాలా నచ్చుతుంది. నా క్లాసులో కూడా అదే పాటిస్తాను.

అపోహ: జబ్బంటే చక్రం మూసుకుపోవడం, లేదా పూర్వజన్మ కర్మ. శక్తి సరిచేస్తే మందులతో పని లేదు

దీని గురించి రాస్తుంటే ఇప్పటికీ మనసు కలత పడుతుంది. పుత్తూరు వైపు నుంచి ఒక అక్క వచ్చేది. ఫిట్స్‌కు ఏళ్ళుగా మాత్రలు వాడుతోంది. ఎవరో హీలింగ్ చేసే ఆయన "మాత్రలు మీ ఎనర్జీని అడ్డుకుంటున్నాయి, కర్మ కరగనివ్వండి" అన్నాడట. నాకు చెప్పకుండా మానేసింది. మూడో వారంలో పొయ్యి దగ్గర పడిపోయింది. చెయ్యి కాలింది. ప్రాణం నిలిచింది, అదే అదృష్టం. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా, ఆగకుండా రావచ్చు. తగ్గించాలన్నా డాక్టరే మెల్లగా తగ్గించాలి.

వాస్తవం: అన్నీ కర్మ ఫలమే అన్న మాట బుద్ధుడిది కాదు. మోళియసీవకుడు అనే పరివ్రాజకుడు సరిగ్గా ఈ ప్రశ్నే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ గతంలో చేసిన వాటి వల్లేనని కొందరంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, తనను తాను సరిగ్గా చూసుకోకపోవడం, బయటి దెబ్బలు, చివరికి కర్మ అని ఎనిమిది కారణాలు చెప్పాడు. అన్నిటినీ గతం మీదే వేసేవాళ్ళు లోకానికి తెలిసిన సత్యాన్ని దాటిపోతున్నారని కూడా అన్నాడు. ఆయనకే జబ్బు చేసినప్పుడు జీవకుడనే వైద్యుడు మందు ఇచ్చాడు. జబ్బుపడి దిక్కులేకుండా పడున్న భిక్షువును శిష్యుడు ఆనందుడితో కలిసి కడిగి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నాడు.

ఎనర్జీ హీలింగ్ వల్ల హాయిగా ఉందని చెప్పేవాళ్ళను నేను అబద్ధాలకోరులని అనను. గంటసేపు ఒక మనిషి మన కోసమే పక్కన కూర్చుంటే, గది నిశ్శబ్దంగా ఉంటే, గుండె దడ తగ్గుతుంది, నిద్ర పడుతుంది. అది చిన్న మేలేమీ కాదు. కానీ చేతుల్లోంచి శక్తి ప్రవహిస్తుందన్న మాటను పరీక్షించినప్పుడు ఏం తేలిందో చూడండి. అమెరికాలో ఎమిలీ రోజా అనే పాప తొమ్మిదేళ్ళ వయసులో ఒక ప్రయోగం చేసింది. ఒంటిని తాకకుండా చేతులతో శక్తిని గుర్తిస్తామనే 21 మంది హీలర్లను అట్ట తెర వెనక కూర్చోబెట్టింది. వాళ్ళ ఏ చేతి మీద తన చెయ్యి ఉందో చెప్పమంది. 280 సార్లలో 123 సార్లు సరిగ్గా చెప్పారు, అంటే 44 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోవాలి. 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది.

అపోహ: ధ్యానం ఎంత చేస్తే అంత మంచిది, ఎవరికీ కీడు చేయదు

వాస్తవం: కీడు జరగవచ్చని బౌద్ధులు ఏనాడో గుర్తించారు. వైశాలిలో బుద్ధుడు శరీరపు అశుభాన్ని, అంటే ఒంట్లోని రోత పుట్టించే వాటిని, ధ్యానించడం గురించి బోధించి, పక్షం రోజులు ఏకాంతంలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి సంఘం పల్చబడి ఉంది. ఒంటి మీద ఏవగింపు పుట్టి చాలామంది భిక్షువులు ప్రాణాలు తీసుకున్నారు. ఆనందుడు వేరే మార్గం చెప్పమని వేడుకున్నాడు. అప్పుడు ఆనాపానసతి, మనం "శ్వాస మీద ధ్యాస" అని చెప్పుకునేది, బోధించాడని భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెబుతుంది. తమ గురువు బోధ విన్నాక జరిగిన ఘోరాన్ని దాచకుండా తమ గ్రంథాల్లోనే రాసుకున్న ఆ నిజాయితీకి నేను చేతులెత్తి దండం పెడతాను. జపాన్ జెన్ గురువు హకుయిన్ కూడా యౌవనంలో అతి సాధన వల్ల కాళ్ళు చల్లబడి, చెవుల్లో హోరు, లేనివి కనబడటం దాకా వెళ్ళానని రాసుకున్నాడు.

కాబట్టి రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, మాటలు వినిపిస్తున్నా, నేనే అవతారాన్ని అనిపిస్తున్నా, ఇల్లూ ఒళ్ళూ నావి కావనిపిస్తున్నా ధ్యానం వెంటనే ఆపండి. వేళకు తినండి, నడవండి, ఒంటరిగా ఉండకండి. "ఇది ప్రక్షాళన, ఇంకా చెయ్యి" అనే వాళ్ళ మాట వినకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బులు లేకుండా మాట్లాడతారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. అక్కడికి వెళ్ళడం సాధన చెడిపోవడం కాదు, పరువు తక్కువ అసలే కాదు.

అపోహ: నాకు మొదటి ధ్యానం దక్కింది, స్రోతాపన్నుణ్ణి అయ్యాను అని చెప్పుకోవచ్చు

ఇది తొందరగా చెప్పేస్తాను. ఇక్కడ మొదటి ధ్యానమంటే లోతైన ఏకాగ్రతలో తొలి మెట్టు, స్రోతాపన్నుడంటే నిర్వాణ మార్గంలో తొలి మెట్టు చేరినవాడు. లేని సిద్ధిని ఉన్నట్టు కావాలని చెప్పుకున్న భిక్షువును సంఘం నుంచి శాశ్వతంగా తీసేస్తారు. హత్యకు ఉన్న శిక్షే దీనికీ. నిజంగా దక్కినా గృహస్థులకు చెప్పుకోకూడదని మరో నియమం.

అపోహ: ఆత్మ లేదు, అంతా శూన్యం, కాబట్టి ఏం చేసినా ఒకటే

మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు, ఒక బ్యాంకు ఉద్యోగి ఉండేవాళ్ళు. ఇద్దరూ మంచివాళ్ళు. ఒకరికి ఆత్మే బ్రహ్మం అనే అద్వైతం ప్రాణం, ఇంకొకరికి దేన్నీ ఆత్మ అని పట్టుకోలేమనే బౌద్ధుల అనాత్మ. కపిలతీర్థం దగ్గర టీ తాగుతూ మొదలైన వాదన, ఇద్దరూ ఒకే రోజు క్లాసుకు రాకుండా చూసుకునే దాకా పోయింది.

వాస్తవం: వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడు వచ్చి ఆత్మ ఉందా అని అడిగితే బుద్ధుడు మాట్లాడలేదు. అయితే లేదా అని అడిగినా మాట్లాడలేదు. వచ్ఛగోత్రుడు వెళ్ళిపోయాక ఆనందుడు ఎందుకని అడిగాడు. ఉందంటే ఆత్మ ఎప్పటికీ ఉంటుందనే శాశ్వతవాదుల పక్షం, లేదంటే చావుతో అంతా పోతుందనే ఉచ్ఛేదవాదుల పక్షం అవుతుంది, పైగా ఇప్పటికే అయోమయంలో ఉన్నవాడు ఇంకా గందరగోళపడతాడు అన్నాడు బుద్ధుడు. అనాత్మను ఆయన బోధించాడు, బాగా విస్తారంగానే బోధించాడు. రూపం (ఒళ్ళు), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక), వీటిలో ఏది నా మాట వింటోంది, ఏది నాది అని వెతికి చూసుకోవడం అది. ఎదుటివాడి నోరు మూయించడానికి వాడితే దాని పని అది చేయదు. ఇక శూన్యత గురించి బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి మాట స్పష్టం. కారణాలను ఆధారం చేసుకుని పుట్టడాన్నే శూన్యత అంటున్నాం అన్నాడు. కారణాలుంటే ఫలితాలుంటాయి, కాబట్టి చేసిన పని ఊరికే పోదు. శూన్యతను తప్పుగా పట్టుకోవడం పామును సరిగ్గా పట్టుకోనట్టే అని కూడా ఆయనే హెచ్చరించాడు.

అపోహ: కొండ మీద స్వామి మొదట బుద్ధుడే

ఈ ఊళ్ళో ఉన్నాక ఇది అడగనివాళ్ళు ఉండరు. ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారంలోనే వేంగడం కొండ మీద శంఖం, చక్రం పట్టి నిలుచున్న దేవుడి వర్ణన ఉంది. ఆళ్వార్లు పాడింది విష్ణువునే. 966లో పల్లవ రాణి సామవై వెండి విగ్రహం సమర్పించిన శాసనం ఉంది. మన ప్రాంతంలో బౌద్ధం లేదని మాత్రం దీనికి అర్థం కాదు. శిలప్పదికారానికి జంట అని చెప్పే మణిమేఖలై బౌద్ధ కావ్యం, దాని కథ ముగిసేది కంచిలో. నలందలో పెద్ద ఆచార్యుడైన ధర్మపాలుడు కంచివాడేనని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. పొద్దున ఇక్కడ బస్సెక్కితే మధ్యాహ్నానికి కంచిలో ఉంటాం.

శ్రీకాళహస్తి కుర్రాడు ఇప్పుడు భస్త్రిక మానేశాడు. నెలకు రెండుసార్లు నాతో పాటు అలిపిరి మెట్లెక్కుతాడు. 3,550 మెట్లు, మాటల్లేకుండా, పాదం ఆనడం, పాదం లేవడం గమనిస్తూ. గాలిగోపురం దగ్గర ఆగి మజ్జిగ తాగుతాం.

కొత్తగా చేరాలనుకునేవాళ్ళు ఏ మందులు వాడుతున్నా మొదటి రోజే చెప్పండి. డాక్టరు చీటీ వెంట తెచ్చుకుంటే ఇంకా మంచిది.