నోరు తెరిచినవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు

నెల్లూరులో ఒక డెంటల్ కాలేజీకి పుచ్చిపన్ను చూపించుకోడానికి వెళ్ళాను. పక్క కుర్చీలో కనిగిరి వైపు నుంచి వచ్చిన పెద్దాయన. "నొప్పి పుడితే చెయ్యెత్తండి తాతా" అంటూ మూడో ఏడు చదివే అమ్మాయి పుచ్చంతా తీసేసింది. సార్ చూసి సంతకం పెడితేగానీ ఫిల్లింగ్ మొదలెట్టకూడదు. సారేమో నాలుగు కుర్చీల అవతల ఉన్నారు. నోట్లో దూది తడిసింది. మార్చింది. మళ్ళీ తడిసింది. పెద్దాయన నోరు మూయలేక, వేలితో మణికట్టు మీద తట్టి చూపించాడు. బస్సు టైం అయిపోతోందని.

ఆ దూది ఊరికే పెట్టేది కాదు. ఉమ్మి తగిలిందంటే పంటిరంగు ఫిల్లింగ్ పట్టు తప్పుతుంది. అంటే సార్ ఆలస్యం అమ్మాయికి టెన్షన్ మాత్రమే కాదు, పనికీ చేటే. అంతకుముందు ఏడాది సాధనకని ఆమె చేతికిచ్చింది బొమ్మ తల. దానికి ఉమ్మి ఊరదు, బస్సూ ఉండదు.

ఇలాంటి చోట చదువు ఎలా ఉందో విద్యార్థులనే అడగడానికి ఒక ప్రశ్నావళి ఉంది, పేరు డ్రీమ్. వైద్య విద్య కోసం స్కాట్లండ్‌లోని డండీలో తయారుచేసి 1997లో ప్రకటించారు. డెంటల్ కాలేజీలూ వాడుతున్నాయి. 50 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 200. టీచర్లు ఎగతాళి చేస్తారా, తప్పొప్పులు విడమరిచి చెబుతారా అని కూడా అడుగుతుంది. నన్నడిగితే మొత్తం మార్కు చూసి మురిసిపోకూడదు. స్నేహితులు బాగున్నారని పడ్డ మార్కులు, తప్పు చెప్పేవాళ్ళు లేని లోటును కప్పేస్తాయి. విడివిడిగా చూస్తేనే బండారం బయటపడుతుంది. పైగా దూది ఎన్నిసార్లు మార్చావని అది అడగదు.

సార్ కోసం ఎదురుచూస్తూనే ఆ అమ్మాయి పెద్దాయన ముందుపళ్ళ మీది గోధుమరంగు చారలు చూస్తోంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే చారలు. చిన్నతనంలో, చిగుళ్ళ కింద పంటి పింగాణీ తయారయ్యేటప్పుడు పడ్డవి, తోమితే పోయేవి కావు. ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మన దేశంలో తొలి నివేదికల్లో ఒకటి, 1937లో రాసింది, నెల్లూరు జిల్లా పల్లెల మీదే. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి ఈ జిల్లాలోవే. 1970లో కొత్త జిల్లాకి పోయాయి. ఇక్కడ చదివేవాళ్ళకి ఆ చారలు పుస్తకంలో బొమ్మ కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి.

సార్ వచ్చారు. అద్దం పెట్టి చూసి, సంతకం చేసి, పక్క కుర్చీకి వెళ్ళిపోయారు. చారల గురించి అడగలేదు, పుచ్చు సరిగా తీసిందో లేదో చెప్పలేదు. అమ్మాయి సంతకం కింద తేదీ వేసుకుని, ఇంకో దూది తీసింది.