మైకేల్ ఫీల్డ్ ఎవరన్నది కాదు, ఆ పేరు ఎవరిదన్నదే వివాదం

బ్రిటన్‌లో నవలా రచయిత్రులకిచ్చే విమెన్స్ ప్రైజ్ పాతికేళ్ల సందర్భంగా 2020లో 25 పాత రచనలను కలం పేర్లు తొలగించి, రచయిత్రుల అసలు పేర్లతో ఈ-పుస్తకాలుగా విడుదల చేసినప్పుడు, వాటిలో 1896 నాటి ‘అటిలా, మై అటిలా!’ అనే నాటకం కూడా ఉంది. మైకేల్ ఫీల్డ్ పేరు ఉండవలసిన చోట క్యాథరిన్ బ్రాడ్లీ, ఈడిత్ కూపర్ అన్న పేర్లు వచ్చాయి. అది న్యాయమేనా అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా 1884కు వెళ్లక తప్పదు.

ఆ ఏడాది ‘కాలిర్హో’ నాటకాన్ని చదివిన విమర్శకులు మైకేల్ ఫీల్డ్‌ను ఒక కొత్త కవిగా ఆదరించారు. ఆ పేరు వెనుక ఉన్నది పిన్నీ, ఆమె అక్క కూతురూ అన్న సంగతి నమ్మకంతో తెలిపిన కొద్దిమందిలో ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ ఒకరు. గుట్టు జారింది కూడా ఆయన నోటి నుంచే. ఆ నవంబరులో క్యాథరిన్ ఆయనకు రాసిన లేఖలోనే ఈ వివాదానికి మూలం ఉందని నా అభిప్రాయం. స్త్రీలు రాశారన్న మాట పొక్కితే తమ రచన అడుగడుగునా చిన్నబోతుందనీ, స్త్రీ నోట లోకం సహించని సంగతులు తాము ఎన్నో చెప్పవలసి ఉందనీ ఆమె అందులో స్పష్టంగా రాశారు. అంటే తాము ఎన్నుకున్న పేరును కాపాడమని స్వయంగా రచయిత్రే కోరారు.

ఆమె భయం నిజమైంది. గుట్టు తెలిసేకొద్దీ ఆదరణ సన్నగిల్లింది. వారి నాటకాల్లో రంగస్థలమెక్కిన ఏకైక నాటకాన్ని 1893లో లండన్‌లో ఇండిపెండెంట్ థియేటర్ సంస్థ ప్రదర్శించగా, అది విఫలమైంది. 1905లో ‘బోర్జియా’ను ఏ పేరూ లేకుండానే అచ్చువేశారు.

ఆ కలం పేరు కాలం బలవంతాన పెట్టుకున్నదనీ, స్త్రీల శ్రమ స్త్రీల పేరుతోనే నిలవాలనీ మార్పును సమర్థించేవారు అంటారు. అందులో సబబు లేకపోలేదు. అయితే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న వారి దినచర్య తిరగేసినవారికి ఆ పేరు ముసుగులా కనిపించదు. ఇంట్లో క్యాథరిన్‌ను పిలిచేదే మైకేల్ అని. ఈడిత్ మొదట ఫీల్డ్, తరువాత హెన్రీ. ఇద్దరూ కలిసి రాసే మనిషికి వారు పెట్టుకున్న పేరు అది. సాహిత్యలోకానికి అసలు సంగతి తెలిసిపోయి చాలా ఏళ్లయినా, 1912లోనూ 1913లోనూ వచ్చిన వారి కవితా సంపుటాలపై మైకేల్ ఫీల్డ్ అనే ఉంది.