ట్రీట్ చేసిన కలపలో మందు ఎంత? లెక్క చుట్టూ అల్లుకున్న అపోహలు, వాస్తవాలు

ప్లాంటు అనుమతి కాగితాల్లోనూ, దిగుమతుల నివేదికల్లోనూ, పాత స్తంభాలను ఎక్కడ పారెయ్యాలన్న చర్చల్లోనూ ఒకే ప్రశ్న వస్తుంది: ఈ కలపలోకి ఎంత బయోసైడ్ (కుళ్లునూ చెదలనూ ఆపే మందు) వెళ్లింది? జవాబుగా వచ్చే అంకె చాలాసార్లు రెట్టింపో, సగమో ఉంటుంది. లెక్క కట్టినవాళ్లకు కూడికలు రాక కాదు. ఆ కిలోలు దేని కిలోలో, ఆ ఘనమీటరు ఏ ఘనమీటరో ఎవరూ రాయకపోవడం వల్ల. కింద ఉన్నవన్నీ ఆ చిక్కులే.

అపోహ: కలపకు మందు పట్టించే సిలిండర్‌లోకి పంపిన ద్రావణమంతా వాడకం కిందే లెక్క.

వాస్తవం: పంపినదాంట్లో ఎక్కువ భాగం తిరిగి ట్యాంకుకే వస్తుంది. వాక్యూమ్ పెట్టి, ద్రావణం నింపి, ఒత్తిడి ఇచ్చి, ద్రావణాన్ని బయటికి తోడి, చివర్లో మళ్లీ వాక్యూమ్ పెట్టినప్పుడు కలప పైపొరల్లోంచి కారినది కూడా ట్యాంకులోకే పోతుంది. అందుకే ఛార్జికి (ఒక విడత కలపకు మందు పట్టించడానికి) ముందు ఒక రీడింగు, చివరి వాక్యూమ్ అయ్యి డ్రిప్ ప్యాడ్ (కలపను ఆరబెట్టే అరుగు) మీద కారడం ఆగాక ఇంకో రీడింగు తియ్యాలి. ఈ రెండింటి తేడానే కలప తాగింది.

ఒక ఛార్జిని దగ్గరగా చూద్దాం. కలప 12 ఘనమీటర్లు. ముందు ట్యాంకులో 18,400 లీటర్లు, అంతా అయ్యాక 14,200. కలప తాగింది 4,200 లీటర్లు. ద్రావణం సీసీఏ (క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిసిన మందు), లీటరుకు 25 గ్రాముల లవణాలు. అంటే 105 కిలోలు, ఘనమీటరుకు 8.75 కిలోలు. చాలా రిజిస్టర్లు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

సాధారణంగా రీడింగు తప్పేది మూడు చోట్ల. డ్రిప్ ప్యాడ్ గుంటలోకి వాననీళ్లు చేరి ట్యాంకులోకి వస్తే మట్టం పెరుగుతుంది, వాడకం తక్కువగా కనిపిస్తుంది, ద్రావణం పలచబడుతుంది. పచ్చి కలప పెడితే కణాల్లో నీరు ముందే ఉంటుంది కాబట్టి ద్రావణం తాగదు. ఇక పాత ద్రావణంలో రంపపు పొట్టు, చెక్కలోంచి దిగిన చక్కెరలు పోగై క్రోమియం క్షీణిస్తుంది, అడుగున బురద చేరుతుంది. బురదగా పోయిన రాగి, ఆర్సెనిక్ కొన్న సరుకే గానీ కలపలోకి వెళ్లిన సరుకు కాదు. హైడ్రోమీటరు మొత్తం సాంద్రతే చెబుతుంది, మూడు మూలకాల నిష్పత్తి మారిందో లేదో చెప్పదు. అది తెలియాలంటే టైట్రేషన్ చెయ్యాలి, లేదా ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్-కిరణాలతో మూలకాలను కొలిచే పరికరం) పెట్టాలి.

అపోహ: ఘనమీటరుకు 8 కిలోలంటే ఎవరు చెప్పినా 8 కిలోలే.

వాస్తవం: లవణాల కిలోలు, ఆక్సైడ్ల కిలోలు, మూలకాల కిలోలు వేరువేరు. నివేదికల్లో అతి పెద్ద తప్పులు వచ్చేది ఇక్కడి నుంచే. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశం గారు కనిపెట్టిన మిశ్రమమే ఇప్పటి సీసీఏకి మూలం. అందులోని ఆర్సెనిక్, రాగి రసాయన సంకేతాలు కలిపే దానికి 'ఆస్కూ' అన్న పేరు. మన దేశంలో ఇది లవణాల లెక్కలో నడుస్తుంది: ఆర్సెనిక్ పెంటాక్సైడ్ 1 పాలు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) 3 పాళ్లు, డైక్రోమేట్ 4 పాళ్లు. అమెరికా ప్రమాణాలు ఆక్సైడ్ల లెక్కలో మాట్లాడతాయి: సీసీఏ టైప్ సీలో క్రోమియం ట్రయాక్సైడ్ 47.5 శాతం, కాపర్ ఆక్సైడ్ 18.5, ఆర్సెనిక్ పెంటాక్సైడ్ 34.

మైలుతుత్తం బరువులో సుమారు 32 శాతమే కాపర్ ఆక్సైడ్, మిగతాది సల్ఫేటు, స్ఫటిక జలం. పొటాషియం డైక్రోమేట్‌లో 68 శాతం, స్ఫటిక జలమున్న ఆర్సెనిక్ పెంటాక్సైడ్‌లో 86 శాతం లెక్కకు వస్తాయి. 1:3:4 పాళ్లకు కలిపి చూస్తే, లవణాల్లో ఆక్సైడ్ల వాటా సుమారు 57 శాతం. అంటే మన 105 కిలోల లవణాలు 60 కిలోల ఆక్సైడ్లు. ఇంకా లోపలికి వెళ్తే అందులో రాగి 10 కిలోలు, ఆర్సెనిక్ 7.4 కిలోలు. ఒకరి 105నీ ఇంకొకరి 60నీ ఒకే పట్టికలో కూడితే వచ్చే మొత్తానికి ఏ అర్థమూ లేదు.

క్రోమియం సంగతి ముందే తేల్చుకోవాలి. దాని ప్రధానమైన పని రాగినీ ఆర్సెనిక్‌నీ చెక్కలో కట్టిపడెయ్యడం. కుళ్లునూ చెదలనూ ఆపే భారం మిగతా రెండింటి మీదే ఉంటుంది. దాన్ని బయోసైడ్ కింద కలుపుతారా లేదా అన్నదాన్ని బట్టి టైప్ సీలో ఆక్సైడ్ల మొత్తం దాదాపు సగం మారుతుంది. ఏ దారి పట్టినా తప్పు లేదు, రాయకపోవడమే తప్పు.

బోరాన్‌కీ ఇదే వరస. రబ్బరు కలపకు వాడే బోరాక్స్, బోరిక్ యాసిడ్ మిశ్రమాన్ని బోరిక్ యాసిడ్ సమానకంలోకి మార్చి రాయాలి. కిలో బోరాక్స్ 0.65 కిలోల బోరిక్ యాసిడ్‌తో సమానం. డైసోడియం ఆక్టాబొరేట్ అయితే కిలోకి 1.2 కిలోలు.

అపోహ: ప్రమాణంలో ఉన్న రిటెన్షన్‌ని (ఘనమీటరు కలపలో నిలిచే మందును) మొత్తం కలప పరిమాణంతో గుణిస్తే సరిపోతుంది.

వాస్తవం: ప్రమాణంలోని అంకె చాలావరకు పరీక్షకు తీసే బయటి మండలానికి చెందినది, దుంగ మొత్తానిది కాదు. చేవ దాదాపు తాగదు. తాగేది చుట్టూ ఉన్న తెల్ల భాగమే. పై ఛార్జిలో తెల్ల భాగం 65 శాతం అనుకుంటే, 60 కిలోల ఆక్సైడ్లు 7.8 ఘనమీటర్లలో ఉన్నాయి. ఆ భాగంలో ఘనమీటరుకు 7.7 కిలోలు, మొత్తం కలప మీద 5 కిలోలు. లవణాల లెక్కలో 8.75. ఒకే ఛార్జి, ఒకే మందు, మూడు అంకెలు. మూడూ సరైనవే.

మొత్తం వాడకం కావాలంటే 5నే 12తో గుణించాలి. ప్రమాణంలోని బయటి మండలం అంకెతో గుణిస్తే సగానికి సగం ఎక్కువ వస్తుంది. స్కాట్స్ పైన్‌లో తెల్ల భాగం మందును బాగా పీల్చుకుంటుంది. స్ప్రూస్‌లో కొన్ని మిల్లీమీటర్లు దాటడమే కష్టం. రెండింటికీ ఒకే గుణకం వాడిన జాతీయ అంచనాను నమ్మకూడదు.

అపోహ: కలప పరిమాణంలో తప్పు పోయేదేముంటుంది?

వాస్తవం: దుంగ చుట్టుకొలతలో నాలుగోవంతును వర్గం చేసి పొడవుతో గుణించే పద్ధతి మన డిపోల్లో మామూలే. అలా వచ్చేది అసలు పరిమాణంలో 78.5 శాతం. గుండ్రటి స్తంభాలను ఈ కొలతతో కొని, ట్యాంకు రీడింగును దానితో భాగిస్తే రిటెన్షన్ 27 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. నాణ్యత దాటిపోయిందనుకుని ద్రావణం పలచన చేస్తే స్తంభం నేల మట్టం దగ్గర తొందరగా కుళ్లుతుంది. కోత కలపలో ఇంకో తేడా: బిల్లు మీద చిత్రిక పట్టకముందు కొలత, ట్రాలీ మీద పట్టిన తర్వాతి కొలత.

అపోహ: కస్టమ్స్ గణాంకాలు చూస్తే ట్రీట్ చేసిన కలప ఎంత వచ్చిందో తెలిసిపోతుంది.

వాస్తవం: కొంతవరకే. హెచ్ఎస్ కోడ్ల (సరుకులను గుర్తించడానికి కస్టమ్స్ వాడే అంతర్జాతీయ అంకెల) 2017 సవరణ తర్వాత, సంరక్షకాలు పట్టించిన దుంగలకు 4403.11, 4403.12 ఉన్నాయి. రైలు స్లీపర్లలో మందు పట్టించనివి 4406.11, 4406.12. పట్టించినవి 4406.91, 4406.92. కానీ వ్యాపారంలో పెద్ద వాటా ఉన్న కోత కలప 4407లో ఆరంకెల స్థాయిలో ఈ విభజనే లేదు. కిటికీ చట్రాలు, కంచెలు, తోట సామాను వేరే శీర్షికల్లో కలిసిపోతాయి. వీటికి ఒక్కటే దారి: ఏ సరుకులో ఎంత వాటా ట్రీట్ చేసిందో దిగుమతిదారుల్ని, తయారీదారుల్ని అడిగి కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయడం. యూరప్‌లో బయోసైడ్ల నియంత్రణ 528/2012లోని 58వ అధికరణం ఇక్కడ పనికొస్తుంది. వినియోగదారు అడిగితే, ట్రీట్ చేసిన వస్తువు గురించి సరఫరాదారు 45 రోజుల్లో ఉచితంగా సమాచారం ఇవ్వాలి.

ఇంకో మాట. ప్లాంట్లలో వాడిన బయోసైడ్ ఒక అంకె. దేశంలో అమ్ముడైన కలపలో ఉన్న బయోసైడ్ ఇంకొకటి. రెండోదానికి దిగుమతులు కలపాలి, ఎగుమతులు తీసెయ్యాలి. మొదటిదాన్ని ప్రారంభ నిల్వ, కొనుగోళ్లు, ముగింపు నిల్వ, బురద లెక్కలతో సరిచూసుకోవాలి. ఛార్జి రిజిస్టరు మొత్తానికీ దీనికీ తేడా పదోవంతు దాటితే మా దృష్టిలో ఆ ఏడాది లెక్క మళ్లీ తియ్యాల్సిందే.

అపోహ: ప్యాలెట్ మీద గోధుమ కంకి ముద్ర ఉంటే అది మందు పట్టించిన కలప.

వాస్తవం: ముద్రలో హెచ్‌టీ అని ఉంటే దాన్ని వేడి చేశారంతే. చెక్క మధ్యభాగంతో సహా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు. బయోసైడ్ లెక్కలో దాని వాటా సున్నా. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు. 21 డిగ్రీలు, ఆపైన ఉంటే ఘనమీటరుకు 48 గ్రాములు, 24 గంటలు. ఇక్కడ ఘనమీటరు అంటే మూసిన స్థలానిది, కలపది కాదు. 33 ఘనమీటర్ల కంటైనర్‌లో పది ప్యాలెట్లున్నా రెండున్నా మోతాదు 1.6 కిలోలే. కలప పరిమాణంతో గుణించిన అంచనాలు ఇక్కడ ఘోరంగా తక్కువ చూపిస్తాయి.

అపోహ: ఆర్సెనిక్ మానేస్తే బయోసైడ్ వాడకం తగ్గుతుంది.

వాస్తవం: ఆర్సెనిక్ తగ్గుతుంది, రాగి పెరుగుతుంది. 2003 చివరికి అమెరికాలో ఇళ్ల అవసరాల కలపకు సీసీఏ ఆగిపోయింది, 2004 మధ్య నుంచి యూరప్‌లో గట్టి ఆంక్షలు వచ్చాయి. నేలను తాకే కలపకు టైప్ సీ ఘనమీటరుకు 6.4 కిలోల ఆక్సైడ్ల వద్ద రాగి 0.95 కిలోలు, ఆర్సెనిక్ 1.4 కిలోలు ఇస్తుంది. అదే 6.4 వద్ద, మూడింట రెండు వంతులు కాపర్ ఆక్సైడ్ ఉన్న ఏసీక్యూ (ఆర్సెనిక్ లేని రాగి మందు) 3.4 కిలోల రాగి ఇస్తుంది. మనుషులకు ఇది మేలైన మార్పే. చెరువుల్లో, కాలువల్లో బతికే జీవులకు రాగి విషం కాబట్టి, మొత్తం టన్నులు ఒక్కటే చూసి మంచీచెడూ చెప్పలేం. క్రియోసోట్ (బొగ్గు తారు నుంచి తీసే నూనె మందు) ఉన్న పట్టికలో ఇంకా జాగ్రత్త. అది ఘనమీటరుకు వంద కిలోల ప్రాంతంలో పడుతుంది, నూనె మొత్తం క్రియాశీలమే అని లెక్కిస్తారు. మిగతావన్నీ దాని పక్కన కనిపించకుండా పోతాయి.

అపోహ: పచ్చగా ఉంటే ట్రీట్ చేసినట్టు, లేకుంటే లేనట్టు.

వాస్తవం: పచ్చదనం రాగిది. గోధుమ రంగు కలిపితే అది కనబడదు. బోరాన్‌కి, చాలా సేంద్రియ మందులకు రంగే లేదు. కోసిన ముక్క మీద క్రోమ్ అజ్యూరాల్ ఎస్ చల్లితే రాగి చేరినంత మేర ముదురు నీలం వస్తుంది. బోరాన్‌కి మన వంటింటి పసుపే సూచిక: పసుపు నానబెట్టి వడకట్టిన ఆల్కహాల్ పూసి, ఆరాక, సాలిసిలిక్ యాసిడ్ కరిగించిన హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఆల్కహాల్ మిశ్రమం పూస్తే, బోరాన్ ఉన్నచోట ఎర్రబడుతుంది, లేనిచోట పసుపుగానే ఉండిపోతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ముక్కను చివరి నుంచి కాకుండా పొడవు మధ్యలో కొయ్యండి. కొసల్లో మందు నార వెంబడి లోతుగా దిగుతుంది కాబట్టి అక్కడ చూస్తే లోపలంతా పట్టినట్టు కనిపిస్తుంది. రంగు ఎంత లోతుకు చేరిందో చెబుతుంది గానీ ఎంత మందు ఉందో చెప్పదు. దానికి బోరర్‌తో తొలిచి కోర్లు (సన్నని కడ్డీల్లాంటి నమూనాలు) తీసి, బయటి మండలాన్ని, లోపలి భాగాన్ని వేరు చేసి ల్యాబ్‌కి పంపాలి. ఫలితం ఏ ఆధారంలో కావాలో, ఆక్సైడా మూలకమా అన్నది, నమూనాతో పాటే రాసివ్వండి.