నిన్నటి చేపల పులుసు, డబ్బాలో బియ్యం: ఇంటి నిల్వలపై అపోహలు - వాస్తవాలు

ఇంట్లో తిండి పాడవకుండా ఎట్లా దాచుకోవాలో నేర్పడం నా పని. నెల్లూరులో, ఒంగోలులో, అపార్టుమెంట్లలో అయినా పొదుపు సంఘాల్లో అయినా ఎక్కడ మాట్లాడినా నాకు కనిపించేది ఒకటే. మనవాళ్లు పాటించే పద్ధతులు చాలావరకు ఒకప్పుడు సరైనవే. పెరడు, ఎండ పడే వాకిలి, గాలాడే వసారా, వండింది ఆ పూటకే ఖర్చయ్యేంత మంది ఉన్న ఇళ్లలో పుట్టినవి అవి. ఇప్పుడు ఇంట్లో ముగ్గురు, వంటగదికి ఒక కిటికీ, వండింది రెండు రోజులకు. ఇల్లు మారిపోయింది, అలవాటు మాత్రం అట్లాగే ఉంది. చిక్కంతా అక్కడే వస్తోంది.

అపోహ: చేపల పులుసు మర్నాడే రుచి. పులుపు ఉంటుంది కాబట్టి రాత్రంతా పొయ్యి మీదే ఉంచినా ఏం కాదు.

వాస్తవం: మొదటి మాట నిజం. చింతపండు, మామిడికాయ పులుపు, ఉప్పు, కారం ముక్కలోకి దిగడానికి టైము పడుతుంది. రెండో మాటే ప్రమాదం. పులుపు సూక్ష్మజీవుల జోరును కొంత తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. పైగా పులుసుకున్నంత పులుపు ముక్క లోపల ఉండదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. అనుకూలమైన వేడి దొరికితే కొన్ని రకాలు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి. రోహిణి కార్తెలో మన వంటగదుల్లో అర్ధరాత్రి కూడా ఆ వేడి ఉంటుంది.

వండిన రెండు గంటల్లోపు పులుసు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ఎండాకాలమైతే గంటలోపే. చట్టితో పాటే పెట్టేయకండి. మట్టిచట్టి వేడిని వదలదు, నడిమి భాగం చల్లబడడానికి గంటలు పడుతుంది. వెడల్పు స్టీలు గిన్నెల్లోకి పలచగా, రెండంగుళాల లోతుకు మించకుండా సర్దండి. మర్నాడు ఎంత కావాలో అంతే తీసి తెర్లేదాకా కాచండి. మొత్తం గిన్నె తీసి కాచి, మిగిలింది మళ్లీ లోపల పెట్టడం మంచిది కాదు.

పచ్చి చేప సంగతి ఇంకా ముఖ్యం. మైపాడు వైపు నుంచో కొత్తపట్నం నుంచో చేప కొని, ఐసు లేకుండా సంచిలో వేసుకుని, దారిలో మరో రెండు పనులు చూసుకుని ఇంటికొచ్చేవాళ్లు చాలామంది. వంజరం, కానాగంతలు, సూర లాంటి చేపలు వేడిలో ఉండిపోతే వాటి కండలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత మరగబెట్టినా, ఎంత వేయించినా అది పోదు. ముఖం ఎర్రబడడం, దురద, తలనొప్పి లాంటివి తిన్న కొద్దిసేపటికే మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు ‘నాకు చేప పడదు’ అనుకుంటారు. చాలాసార్లు తప్పు చేపది కాదు, ఐసు లేకపోవడానిది. మార్కెట్‌కు వెళ్లేటప్పుడు మూతున్న డబ్బా తీసుకెళ్లి, చేప మీదా కిందా ఐసు వేయించుకోండి.

అపోహ: వేడి వేడిగా ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడైపోతుంది, అందుకే పూర్తిగా చల్లారేదాకా బయటే ఉంచాలి.

వాస్తవం: పొగలు తగ్గేదాకా ఆగితే చాలు. కుండెడు సాంబారు ఒకేసారి పెడితే పక్కనున్నవి వేడెక్కుతాయి. చిన్న గిన్నెల్లోకి పంచితే ఆ బాధ లేదు.

అపోహ: బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపితే పురుగు రాదు, కడిగితే పోతుంది.

వాస్తవం: ఈ మాట వినగానే నాకు గుబులుగా ఉంటుంది, ఎందుకంటే చెప్పేవాళ్లు ఎక్కువగా పసిపిల్లలున్న తల్లులే. ఆహారం నిల్వకు వాడడానికి మన దేశంలో అనుమతి లేని పదార్థం అది. బొద్దింకలకు పెట్టే ఉండల్లో వేసేది కూడా అదే. కడిగితే చాలావరకు పోవచ్చు, కానీ ఒకరోజు హడావిడిలో ఒక్క నీళ్లతో సరిపెడతాం. బియ్యం గుప్పెడు నోట్లో వేసుకునే పిల్లలు కడిగి తినరు.

ఇంకా భయంకరమైనవి ‘బియ్యం మాత్రలు’. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. దానికి విరుగుడు మందు లేదు. వాటిని వాడే అధికారం ప్రభుత్వ సంస్థలకు, లైసెన్సున్న పురుగుల నియంత్రణ సంస్థలకు మాత్రమే ఉంది. తలుపులు మూసి పడుకునే ఫ్లాటులో అవి ఒక్కటి కూడా ఉండకూడదు. ఎవరైనా చుట్టాలు ఊరి నుంచి బస్తాతో పాటు పంపితే, ముట్టుకోకుండా ఆ గది వదిలి బయటికొచ్చి వాళ్లకే ఫోన్ చేసి అడగండి, ఎన్ని వేశారో, ఎప్పుడు వేశారో.

మరి పురుగుకు ఏం చేయాలి? ముక్కుపురుగు గుడ్డు పెట్టేది గింజ లోపల. కాబట్టి కంటికి శుభ్రంగా కనిపించే బియ్యంలోంచి కూడా నెల తర్వాత పురుగు రావచ్చు. ముగ్గురున్న ఇంటికి ఏడాది గింజలు అక్కర్లేదు, రెండు నెలలకు సరిపడా కొనండి. పాత బియ్యం మీద కొత్తవి పోయకండి. డబ్బా ఖాళీ చేసి, తుడిచి, డబ్బాను ఎండబెట్టి నింపండి. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయొద్దు, గింజ పగిలి నూకవుతుంది. నీడపట్టున ఆరబెట్టాలి. రవ్వ, శనగపిండి లాంటి కొద్ది సరుకును మూత బిగించి నాలుగైదు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. తీశాక డబ్బా మామూలు వేడికి వచ్చేదాకా మూత తెరవకండి, లేకపోతే పిండికి చెమ్మ పడుతుంది.

వేపాకు? కొంత పనిచేస్తుంది, బాగా ఎండినదైతేనే. పచ్చి ఆకు వేస్తే తేమ తోడై బూజుకు దారి. కందులకు, పెసలకు ఆముదం పట్టించడం మాత్రం ఇప్పటికీ మంచి పద్ధతే. గింజకు నూనె పూత ఉంటే పుచ్చుపురుగు గుడ్లు నిలవవు. మన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి.

అపోహ: రాత్రి అన్నం పొద్దున తాలింపు పెడితే సూక్ష్మజీవులన్నీ చస్తాయి. చద్దన్నం తినలేదా మనవాళ్లు?

వాస్తవం: అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా బతికే ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం బాండీ వేడికి పోదు. చద్దన్నం వేరు. చల్లారగానే నీళ్లో మజ్జిగో పోస్తారు, పులిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే చెడ్డవాటిని అదుపులో పెడుతుంది. కుక్కర్‌లో మూతపెట్టి వదిలేసిన పొడి అన్నానికి ఆ రక్షణ లేదు. దాన్ని రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికి ముగించాలి.

అపోహ: నూనె పైకి తేలి ఉంటే పచ్చడి పాడవదు.

వాస్తవం: నూనె గాలిని అడ్డుకుంటుంది, అంతే. నిజంగా కాపాడేది ఉప్పు, పులుపు. బీపీ ఉందని ఉప్పు సగం చేసి ఆవకాయ పెట్టుకునే ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆరోగ్యానికి మంచి నిర్ణయమే, కానీ ఆ ఆవకాయ జాడీలో బయట ఉండదగినది కాదు. కొద్దిగా పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచుకోండి. పచ్చి వెల్లుల్లి రేకలు ఒట్టి నూనెలో వేసి బయట ఉంచడం మరీ ప్రమాదం. పులుపు లేని చోట, గాలి అందని చోట పెరిగే బొటులినం అనే బాక్టీరియా ఉంది, దాని విషం ప్రాణం తీయగలదు. జాడీ పచ్చడికైతే వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద జాడీ మూత మాటిమాటికీ తెరవకుండా ఉంటే చాలు. సముద్రం దగ్గరి ఊళ్లు మనవి, గాలిలోనే చెమ్మ.

బూజు పట్టిన వేరుశనగ గుళ్లను దులిపి వేయించేస్తే సరిపోతుందనేది కూడా తప్పే. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. వేయించినా అది పూర్తిగా పోదు, కాలక్రమంలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నలుపెక్కిన గింజ, ముడతపడిన గింజ, చేదు గింజ పారేయండి. ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డలు ఒకే బుట్టలో వద్దు, రెండూ త్వరగా చెడతాయి. పాలు ఫ్రిజ్ తలుపులో పెట్టకండి, అన్నిటికన్నా వేడి చోటు అది.

అపోహ: డీప్ ఫ్రీజర్‌లో పెడితే సూక్ష్మజీవులు చస్తాయి, కరెంటు పోయినా పర్వాలేదు.

వాస్తవం: చావవు, పెరగకుండా ఆగుతాయి. వేడి తగలగానే మళ్లీ మొదలు. మనకు ఇది ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే సమస్య. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పటి రోజులు నెల్లూరువాళ్లకు గుర్తుండే ఉంటాయి. తుపాను హెచ్చరిక రాగానే నీళ్ల సీసాలు ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించుకోండి. కరెంటు పోయాక తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల దాకా, సగం నిండినది 24 గంటల దాకా ఆగుతుంది. కరెంటు వచ్చాక చేప, రొయ్య, మాంసం మీద ఇంకా ఐసు పలుకులు ఉంటే మళ్లీ గడ్డకట్టించవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. మెత్తబడి వెచ్చగా ఉంటే వాసన చూసి తేల్చుకోవద్దు, జబ్బు చేసే బాక్టీరియా చాలాసార్లు వాసన రానివ్వదు. అట్లాంటివి, పాలు, వండిన కూరలు పారేయండి. ఆవకాయ, వెన్న, కోయని కూరగాయలు ఉంచుకోవచ్చు.