పాస్‌బుక్ కవరు అక్షరాలను ఎందుకు లాగేసుకుంది?

దేవరకొండ దగ్గర మా ఊళ్లో మొన్న మా పెద్దనాన్న పట్టాదారు పాస్‌బుక్కు జిరాక్సు బయటికి తీశాడు. ఐదారేళ్లుగా మెత్తటి కవరులో దాచిన కాగితం. లాగితే కాగితం వచ్చింది గానీ సగం అక్షరాలు రాలేదు. సర్వే నంబర్లు తిరగబడి కవరుకే అంటుకుపోయాయి. "తేమ పట్టింది బిడ్డా" అన్నాడాయన. భూమి కాగితం మీద రాత చెరిగితే అరిష్టమని పెద్దమ్మకు ఒకటే టెన్షన్. తేమ కాదు, అరిష్టం అసలే కాదు. ఆ కవరు వినైల్, అంటే పీవీసీ. దానిలోని నూనె చేసిన పని అది.

బోరులో దింపే కేసింగ్ పైపూ పీవీసీయే. కరెంటు వైరు తొడుగు, చౌరస్తాలో ఫ్లెక్సీ మీది పూత కూడా అదే. బడిలో 'పాలీవినైల్ క్లోరైడ్' అని పూర్తి పేరు బట్టీ పట్టించి వదిలేస్తాం. ఒకటి కర్రలా, ఇంకొకటి తోలులా ఎందుకుందో పిల్లలకు చెప్పం. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

పీవీసీ అంటే పరమాణువులు వరసగా కలిసిన పొడవాటి గొలుసులు. దాని బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. అది ఉప్పు నుంచి వస్తుంది. క్లోరిన్ పరమాణువు ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంతో పక్క కార్బన్ దగ్గర కొంచెం ధనావేశం మిగులుతుంది. ఒక గొలుసులోని రుణావేశం పక్క గొలుసులోని ధనావేశాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు వల్లే సుమారు 80 డిగ్రీల దాకా పీవీసీ బిరుసుగా ఉంటుంది. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ దీన్ని ఒక ద్రావకంలో వేడిచేసి చల్లారిస్తే రబ్బరులా సాగింది. ద్రావకం అణువులు గొలుసుల మధ్య దూరి పట్టు సడలించాయి. అలాంటి నూనెలే ప్లాస్టిసైజర్లు. మెత్తటి వస్తువుల్లో బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. పైపులో వేయరు.

అప్పడం చూడండి. ఒత్తినప్పుడు వంగుతుంది, ఎండితే పుటుక్కున విరుగుతుంది. వానాకాలం డబ్బా మూత సరిగా పెట్టకపోతే మళ్లీ వంగుతుంది. పిండి అదే, మారింది నీళ్లే. పిండి గొలుసుల మధ్య నీళ్లు చేసే పనే పీవీసీలో నూనె చేస్తుంది. అప్పడంలో నీళ్లలాగే ఈ నూనె కూడా గొలుసులకు అతుక్కుని ఉండదు, మెల్లగా బయటికి పోతుంది. పశువుల కొట్టం మీద కప్పిన పాత ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలకే మడతల దగ్గర పగిలేది అందుకే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గొలుసులనూ తెంపుతాయి. తేడా ఒక్కటే: అప్పడానికి గాలిలోంచి తేమ తిరిగొస్తుంది, ఫ్లెక్సీకి నూనె తిరిగిరాదు.

పోయిన నూనె పక్కనున్న ప్లాస్టిక్‌లోకి దూరుతుంది. జిరాక్సు సిరా నిజానికి సిరా కాదు, వేడికి కాగితం మీద కరిగి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి. కవరు నూనె ఎక్కి అది మెత్తబడి కవరుకు పట్టుకుంది. థర్మకోల్ మీద చాన్నాళ్లు పడున్న వైరు అందులోకి కూరుకుపోవడం కూడా ఇదే.

పాటల ఎల్పీ రికార్డులూ వినైల్‌వే. 1948లో అవి వచ్చేదాకా రికార్డుల తయారీలో లక్క వాడేవాళ్లు. గాడి చెక్కుచెదరకూడదు కాబట్టి ఎల్పీలో నూనె కలపరు. అయినా మెత్తటి పీవీసీ కవరులో ఏళ్ల తరబడి ఉంచితే కవరు నూనె రికార్డు మీదికి చేరి మసకబారుస్తుంది.

మెత్తటి పీవీసీతోనే చేసే రక్తం సంచీలో మాత్రం కథ తిరగబడింది. డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ సంచీలోంచి రక్తంలోకి దిగి ఎర్రకణాల పొరలో చేరి, అవి పగలకుండా కాపాడుతుంది. నిల్వ ద్రావణంతో కలిపి 42 రోజుల దాకా ఎర్రకణాలు నిలవడంలో దానికీ వాటా ఉంది. హార్మోన్లకు చేటు చేస్తుందన్న భయంతో, ముఖ్యంగా పసిపిల్లల విషయంలో, వేరే నూనెలు వెతుకుతున్నారు. ఎర్రకణాలను అంత బాగా కాపాడేది దొరకడమే కష్టమవుతోంది.

పెద్దనాన్నకు కొత్త జిరాక్సు తీయించి, పట్టుకుంటే గలగలమనే పాలీప్రొపిలీన్ కవరులో పెట్టిచ్చాను. దాన్ని మెత్తబరచడానికి నూనె అక్కర్లేదు. పాత కవరు నా దగ్గరే ఉంది, తిరగబడ్డ సర్వే నంబర్లతో సహా. సోమవారం తొమ్మిదో తరగతికి తీసుకెళ్తున్నా.