పాత స్పోర్ట్స్ కారు మోజు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో నాదొక గ్యారేజీ. పనంతా ఎక్కువగా స్విఫ్టులు, బొలేరోల మీదే. కొన్నేళ్ళుగా మాత్రం ఇంకో రకం బళ్ళు కూడా వస్తున్నాయి: పదేళ్ళు దాటిన బీఎండబ్ల్యూ 320డీ, ఆక్టేవియా, పోలో జీటీ, అబార్త్ పుంటో. తెచ్చేవాళ్ళంతా పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు. ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు రాజాంలోనో చీపురుపల్లిలోనో. వీళ్ళతో నాకున్న బాధ ఒక్కటే. బండి కొన్నాక తెస్తారు, కొనకముందు తేరు. ముందే వచ్చేవాళ్ళయినా ఫోనులో ఫొటోలు చూపించి, "మేస్త్రీ, బండి దొరికీసింది, రేటు చూడండి" అంటారు. వాళ్ళ దగ్గర తరచూ వినే మాటలు, వాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముప్పై ఐదు లక్షల కారు ఏడు లక్షలకి వస్తోందంటే ఇరవై ఎనిమిది లక్షలు మిగిలినట్టే.

వాస్తవం: పడిపోయింది కారు ధర. దాని సామాను ధర అక్కడే ఉంది, ఏటా కొంచెం పెరుగుతోంది కూడా. ఏడు లక్షలు పెట్టి కొన్న కారుకి డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, ఇంజను మౌంటులు ముప్పై ఐదు లక్షల కారు రేటుకే కొనాలి. పైగా ఇవన్నీ ఇంచుమించు ఒకేసారి అడుగుతాయి. పదేళ్ళు, లక్ష కిలోమీటర్లు దాటేసరికి లోయర్ ఆర్మ్ బుష్షులు, వాటర్ పంపు, థర్మోస్టాట్, టైర్లు వరసగా కొట్టుకొస్తాయి. మొదటి ఓనరు బండిని అమ్మకానికి పెట్టేది కూడా సరిగ్గా అప్పుడే.

ఒక్కో మోడలుకి ఒక్కో జబ్బు. 2007 నుంచి కొన్నేళ్ళ పాటు వచ్చిన 320డీలలో ఎన్47 అనే డీజిల్ ఇంజను ఉండేది. దాని టైమింగ్ చైన్ (వాల్వులని సమయానికి తెరిపించే గొలుసు) ముందు వైపు ఉండదు, వెనక గేర్‌బాక్సు వైపు ఉంటుంది. చైన్ వదులైతే పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు వెనక నుంచి గరగరమని వినిపిస్తుంది. అది మార్చాలంటే గేర్‌బాక్సయినా దించాలి, ఇంజనయినా దించాలి. చైన్ ఖర్చు ఒకెత్తు, ఆ దించి ఎక్కించే కూలి ఇంకొకెత్తు. మార్చకుండా తిప్పితే ఒకరోజు చైన్ తెగుతుంది. అప్పుడు వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి, ఇక ఇంజనే మార్చుకోవాలి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో కొన్నిటికి డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉంటుంది. దానిది ఆయిల్లో మునగని డ్రై క్లచ్. ఎండాకాలం ట్రాఫిక్‌లో పాకుతూ పోతుంటే క్లచ్ వేడెక్కిపోతుంది. దాన్ని నడిపించే మెకట్రానిక్ యూనిట్ పోతే లక్ష దాటిన బిల్లు మామూలే. మా ఊళ్ళో మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం పూట మొదటి గేరు నుంచి రెండోదానికి వెళ్ళేటప్పుడు బండి కుదుపిచ్చిందంటే, డ్యాష్‌బోర్డు మీద గేరు అంకె మిణుకుమందంటే, బేరం అక్కడితో ఆపెయ్యాలి.

బీఎండబ్ల్యూల్లో చాలావాటికి గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు, స్టెప్నీ ఉండదు. రాజాం దాటాక పాలకొండ రోడ్డులో టైరు చీలితే ఆ సైజు అక్కడ ఏ షాపులోనూ దొరకదు. విశాఖ నుంచి తెప్పించాలి.

అందుకే నేనొక లెక్క చెప్తాను: బండి ఏడు లక్షలైతే చేతిలో పది ఉండాలి. మిగతా మూడూ మొదటి ఏడాదికి. పది లేకపోతే ఐదు లక్షల బండి చూసుకోవాలి. ఇది చెప్పగానే చాలామంది ముఖం మాడ్చుకుంటారు. ఏడు లక్షలు ధారాళంగా పెట్టినవాడే ఇంజనాయిలు దగ్గరకొచ్చేసరికి, "లోకల్ డబ్బా పోసీండి మేస్త్రీ, ఏటవుద్ది?" అంటాడు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడడం అంటే ఇదే. ఆ ఇంజన్లకి కంపెనీ ఏ స్పెసిఫికేషన్ అడిగిందో అదే పోయాలి. చిక్కటి 20డబ్ల్యూ50 పోస్తే టర్బోకి (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టేదానికి) ఆయిలు అందే లోపే దాని బేరింగులు అరుగుతాయి.

అపోహ: మీటరు నలభై వేలే చూపిస్తోంది, కొత్త బండి లెక్కే.

వాస్తవం: మీటరు తిప్పడం ఇప్పుడు లాప్‌టాప్ మీద నిమిషాల పని. నేను మీటరు కంటే ముందు బ్రేకు పెడలు రబ్బరు చూస్తాను. తర్వాత స్టీరింగ్ మీద తోలు నున్నగా మెరుస్తోందా, డ్రైవరు సీటు కుడి అంచు నలిగిందా అని చూస్తాను. ఈ మూడూ లక్షన్నర తిరిగిన బండిలా ఉండి, మీటరు మాత్రం నలభై వేలంటే ఇక మాటలక్కర్లేదు. జర్మన్ బళ్ళలో కిలోమీటర్లు ఒక్క మీటరులోనే కాదు, ఇంకొన్ని కంట్రోల్ యూనిట్లలో కూడా రాసి ఉంటాయి. మంచి స్కానరు పెడితే రెండు చోట్లా రెండు అంకెలు బయటపడతాయి.

నిజంగానే నలభై వేలు తిరిగి పదేళ్ళు షెడ్డులో ఉన్న బండి కూడా గొప్పదేం కాదు. తిరగని బండిలో సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకు కాలిపర్లు పట్టేస్తాయి. టైరు మీద గాట్లు చెక్కుచెదరకుండా ఉంటాయి గాని రబ్బరు రాయిలా మారిపోతుంది. టైరు గోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో ఇరవై మూడో వారంలో తయారైందని. అలాంటి టైరు మీద వానలో నూట ఇరవై కొట్టకూడదు. గాట్లు ఎంత లోతున్నా సరే.

అపోహ: ఢిల్లీ బళ్ళు చవక, నేరుగా తెచ్చీసుకోవచ్చు.

వాస్తవం: ఊరికే చవక కాలేదు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. ఆ భయంతోనే అక్కడ అమ్మేస్తూ వచ్చారు. కొనడంలో తప్పేం లేదు గాని కాయితాల పని మీ నెత్తిన పడుతుంది. అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, ఫైనాన్సు ఉంటే దాని క్లియరెన్సు, ఇక్కడ లైఫ్ ట్యాక్సు, మన నంబరు. ఇంకో రాష్ట్రం బండిని పన్నెండు నెలలకి మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. లైఫ్ ట్యాక్సుని మీరు కొన్న రేటు చూసి ఊహించుకోవద్దు. బేరం ముగియకముందే ఆర్సీ కాపీ పట్టుకెళ్ళి ఆర్టీవో ఆఫీసులో లెక్క వేయించుకోండి. బండికి పదిహేనేళ్ళు దగ్గర పడితే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు మార్చి పెట్టిన చప్పుడు సైలెన్సరుతో నిలబడలేరు.

దూరం నుంచి వచ్చే బళ్ళలో నాకున్న అసలు భయం నీట మునిగినవి. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు ఎన్ని వేల కార్లు నీళ్ళల్లో నానాయో అందరూ చూశారు. అలాంటివి తుడిచి, సెంటు కొట్టి, ఊరు మార్చి అమ్ముతారు. సీటు బెల్టు చివరి దాకా లాగండి. మునిగిన బండి బెల్టు మీద మీ చేతికెప్పుడూ తగలని ఆ అడుగు భాగంలో బురద చార ఒకటి అడ్డంగా ఉంటుంది. పైభాగం ఎంత ఉతికినా దాన్ని మర్చిపోతారు. డిక్కీలో చాప ఎత్తి స్టెప్నీ గుంతలో వేలితో రుద్ది బురద ఉందేమో చూడండి, సీట్ల కింద బోల్టులకి తుప్పు ఉందేమో చూడండి. భీమిలి, కళింగపట్నం లాంటి చోట సముద్రం ఒడ్డున ఉన్న బండయితే తుప్పు మామూలే. కానీ అది కింద నుంచి వస్తుంది, సీటు కింద బోల్టులకి రాదు.

అపోహ: రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చడం) చేయిస్తే ఖర్చు లేకుండా ముప్పై హార్స్‌పవర్ కలిసొస్తుంది.

వాస్తవం: పవరు వస్తుంది, అబద్ధం కాదు. టర్బో గాలి ఒత్తిడి పెంచి, డీజిలో పెట్రోలో ఇంకొంచెం ఎక్కువ పోస్తారు. ఆ బలాన్ని మోసేది ఎవరన్నదే అడగాలి. డీక్యూ200 గేర్‌బాక్సు మోయగలిగిన టార్కు (తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు. ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐకి కంపెనీ ఇచ్చిన టార్కు సరిగ్గా 250. అంచు దాకా కంపెనీ వాళ్ళే వాడేశారు. దాని మీద ఇంకో అరవై ఎక్కిస్తే పడేది క్లచ్ మీద. అదే పోలో జీటీ టీఎస్‌ఐలో 175 కాబట్టి కొంత వెసులుబాటు ఉంది. అయినా నేను చేయను. చేయించుకొచ్చిన బండికి సర్వీసు చేస్తాను, ముందే ఈ మాట చెప్పి.

ముందు డబ్బు పెట్టాల్సింది టైర్లకీ, బ్రేకు ప్యాడ్లకీ, బ్రేకు ఆయిలుకీ. నాలుగేళ్ళుగా మార్చని బ్రేకు ఆయిలుతో అనంతగిరి ఘాట్ దిగి చూడండి, పెడలు మెత్తబడిపోతుంది. ఆ ఆయిలు గాల్లో తేమ పీల్చుకుంటుంది, వేడికి ఆ నీరు ఆవిరై బుడగలు కడుతుంది. దాన్ని మార్చే ఖర్చు రీమ్యాప్‌లో పదో వంతు ఉండదు.

అపోహ: ఇన్సూరెన్సు ఫుల్లుగా ఉంది, ఏమైనా వాళ్ళే చూసుకుంటారు.

ఇంజను లోపల అరిగి పోతే ఇన్సూరెన్సు రాదు. ఇన్సూరెన్సు గుద్దుకోవడం లాంటి ప్రమాదాలకే. గుద్దినప్పుడు కూడా ప్లాస్టిక్, రబ్బరు సామానుకి సగమే ఇస్తారు. బండి పదేళ్ళు దాటితే ఇనప సామానుకీ సగమే. ఇంత పాత బండికి జీరో డెప్ (ఇలా తరుగు తీయని పాలసీ) దొరకడం కష్టం. హెడ్‌లైటు ఒక్కటే వేలల్లో ఉండే కార్లివి, సగమంటే ఎంతో మీరే వేసుకోండి. ఐడీవీ (ఇన్సూరెన్సు వాళ్ళు బండికి కట్టే విలువ) కూడా కొన్న రేటుకి అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి, కాస్త గట్టి దెబ్బకే టోటల్ లాస్, అంటే బాగుచేయించడం దండగ, అనేస్తారు. చెప్పకుండా మార్పులు చేయించి ఉంటే క్లెయిము దగ్గర పేచీ తప్పదు. 1500 సీసీ దాటిన కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే 2022 రేటు ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలు, పైన జీఎస్టీ.

అపోహ: మన హైవే ఆరు లైన్లు అయింది కదా, ఇలాంటి బండికి సరైన రోడ్డు.

వాస్తవం: రోడ్డు బాగానే ఉంది, దాని మీద తిరిగేవాళ్ళ సంగతి చూడండి. ఆనందపురం నుంచి నరసన్నపేట దాకా ఎక్కడ ఏ ఆటో ఎదురొస్తుందో చెప్పలేం. కోతల రోజుల్లో పక్క రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఆవులు డివైడరు మీద నిలబడి ఉంటాయి. కార్లకి అక్కడ హద్దు గంటకు వంద. వంద మీద ఆగడానికి యాభై మీటర్లు పడితే నూట నలభై మీద దాదాపు వంద పడుతుంది, ఎందుకంటే బ్రేకు పడ్డాక ఆగే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. నూట నలభైలో కన్ను చూసి కాలు బ్రేకు మీదకి చేరే ఒక్క సెకనులో బండి 39 మీటర్లు వెళ్ళిపోతుంది. కొత్త చెయ్యి, ఇంజను వెనక చక్రాలని తిప్పే బండి, వాన, గట్టిపడిన టైర్లు: ఈ నాలుగూ కలిసిన బండి నా దగ్గరకి టోయింగ్ లారీ మీదే వస్తుంది. పాతవాటిలో స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా తనే బ్రేకు వేసి పట్టేది) ఉందో లేదో కొనేముందు తప్పక చూసుకోవాలి.

పెట్రోలు సంగతి రెండు ముక్కల్లో. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బళ్ళు చాలావరకు పది శాతం ఇథనాల్‌కి చేసినవి. ఇప్పుడు బంకులో పోస్తున్నది ఇరవై శాతం. పైపులు, గ్యాస్కెట్లు ఓసారి చూపించుకోండి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలుతో బండిని ఊరికే ఉంచొద్దు.

అపోహ: ఈ వయసులో అలాంటి బండి అసలు కొనకూడదు.

ఇది కుర్రాళ్ళది కాదు, వాళ్ళ నాన్నలది. దీనికీ నేను ఒప్పుకోను. కారంటే ఇష్టం ఉన్నవాడు ఇరవై ఐదులో కొనక అరవైలో కొంటాడా? అప్పు చేసి కొనొద్దంటాను, ఉన్న ఒక్క బండి ఇదే కాకూడదంటాను. ఆఫీసుకి వెళ్ళడానికి ఇంకో బైకో స్విఫ్టో ఉంటే సామాను కోసం పది రోజులు గ్యారేజీలో నిలబడినా ఇంట్లో గొడవ కాదు.

ఏది కొనాలని అడిగితే, మొదటి బండిగా టర్బో లేనిదీ, మాన్యువల్ గేరుదీ చూసుకోమంటాను. 2006 నుంచి 2013 దాకా మన దగ్గర అమ్మిన హోండా సివిక్ 1.8 ఉంది. టైమింగ్ చైన్ ముందు వైపు, ఇంజను మొండిది, తొక్కితే పైకి పైకి తిరుగుతుంది. పొట్ట మాత్రం కిందకుంటుంది, పల్లెటూరి స్పీడు బ్రేకరు దగ్గర అందరినీ దించి దాటించాల్సి రావచ్చు. చిన్నది చాలంటే 2017లో వచ్చిన బాలెనో ఆర్ఎస్. టర్బో బండే గాని మారుతీది కాబట్టి బాడీ సామాను ఎక్కడైనా దొరుకుతుంది. అబార్త్ పుంటో నాకు ఎంతో ఇష్టమైన బండి, 145 హార్స్‌పవర్, తొక్కితే నవ్వొస్తుంది. కానీ ఫియట్ కార్ల అమ్మకం ఇక్కడ ఆగిపోయి ఏళ్ళయింది. మొదటిసారి కొనేవాడికి చెప్పను.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ముందుగా ఫోను చేసి, "నేనొచ్చే దాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి వెనక నిలబడండి. నీలం పొగయితే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. నల్లపొగయితే ఇంధనం ఎక్కువ పడుతోంది.

అపోహ: మోజు తీరాక అదే రేటుకి అమ్మీసుకోవచ్చు.

వాస్తవం: విజయనగరంలో, శ్రీకాకుళంలో అమ్మలేరు. ఇక్కడ సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మైలేజీ అడుగుతారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఆ మోడలు మీద పిచ్చి ఉన్నవాడు దొరకాలి. వాడడిగేది రెండే: సర్వీసు బిల్లులు, ఒరిజినల్ సామాను. సైలెన్సరు మార్చినవాళ్ళు పాతది పాత ఇనుముకి వేసేస్తుంటారు. దాన్ని అటక మీద పెట్టుకోండి, ప్రతి బిల్లూ ఒక ఫైలులో పెట్టుకోండి, నాలాంటి చిన్న గ్యారేజీ రాసిచ్చిన చీటీ అయినా సరే.