రాత్రి రోడ్డు ఖాళీ అనుకుని బయల్దేరకండి: హైదరాబాద్ - విజయవాడ ప్రయాణం మీద అపోహలు, వాస్తవాలు

పోయిన శుక్రవారం కూడా అదే ఫోన్. "అన్నా, రేపు అమ్మవాళ్లని తీసుకుని బెజవాడ పోతున్నా. డ్రైవర్ అక్కర్లేదు, నేనే తోలుకుంటా. రాత్రి ఒంటి గంటకి ఎల్బీ నగర్ దాటితే రోడ్డు ఖాళీ కదా, తెల్లారేసరికి దుర్గమ్మ గుడి దగ్గర ఉంటాం. టైర్లు ఒకసారి చూసి పెడతావా?"

టైర్లు చూస్తాను సరే, పొద్దున ఎన్నింటికి లేచావు తమ్ముడూ అని అడిగాను. ఆరున్నరకట. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేది రాత్రి తొమ్మిదిన్నరకి. తిని, బ్యాగులు సర్దుకుని స్టీరింగ్ పట్టుకునేసరికి 18 గంటలకు పైగా మెలకువగా ఉన్నట్టు. వెనక సీట్లో అమ్మ, నాన్న, భార్య, నాలుగేళ్ల పాప.

నాకు వనస్థలిపురంలో చిన్న ట్రావెల్స్ ఉంది. అంతకుముందు 11 ఏళ్లు నేనే డ్రైవర్‌ని. ఈ రోడ్డు తొమ్మిదో నంబరు హైవేగా, రెండు వరసలతో ఉన్నప్పుడు తోలాను. 2012లో నాలుగు వరసలయ్యాక, 65వ నంబరు వచ్చాక కూడా తోలాను. ఈ 270 కిలోమీటర్ల గురించి జనం నన్ను అడిగే ప్రశ్నలు పది రకాలుంటే, అందులో ప్రాణం మీదికి తెచ్చేది ఒక్కటే. మిగతావి డబ్బు, చికాకు. అందుకే ఆ ఒక్కదాని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: రాత్రి ట్రాఫిక్ ఉండదు, కాబట్టి రాత్రే సేఫ్

రాత్రి రోడ్డు మీద లేనివి కార్లు, బైకులు. లారీలు ఉంటాయి. కదిలే లారీతో పెద్ద భయం లేదు, ఆగి ఉన్న లారీతోనే భయం. టైరు పేలిందనో, నిద్ర వచ్చిందనో ఎడమ వరసలో సగం మీద ఆపేస్తారు. వెనక లైటు ఉండదు. రిఫ్లెక్టర్ మీద దుమ్ము. గుర్తుకోసం నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పెడతారు, అంతే. పత్తి లోడు ట్రాక్టర్లు, వరిగడ్డి బండ్లు, కోత మిషన్లు నకిరేకల్ నుంచి కోదాడ దాకా సీజన్‌లో రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి వెనక ఏ వెలుగూ ఉండదు.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని మీ కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర. అక్కడే 40 మీటర్లు పోయాయి. ఆ తర్వాత బండి పూర్తిగా ఆగడానికి ఇంకో 50, 60 మీటర్లు కావాలి. మొత్తం దగ్గర దగ్గర 100 మీటర్లు. లో బీమ్‌లో, అంటే హెడ్‌లైటు కిందికి వేసినప్పుడు, మీకు సరిగ్గా కనబడేది 40 నుంచి 60 మీటర్లు. అంటే లారీ కనబడ్డాక ఆపుదామంటే బండి ఆగదు. మీరు ఎంత మంచి డ్రైవరైనా ఆగదు. పగలైతే అదే లారీ అర కిలోమీటరు దూరం నుంచే కనబడుతుంది, మీరు తీరిగ్గా వరస మారతారు.

రెండోది నిద్ర. రాత్రి 2 నుంచి 5, 6 గంటల దాకా ఒంట్లో ఉండే గడియారం పడుకోమనే చెబుతుంది. అలవాటైన డ్రైవర్‌కైనా అంతే. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 100 మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుంది. మన చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. డ్రైవర్ తాగి వస్తే మీ పిల్లల్ని ఆ బండి ఎక్కిస్తారా? ఎక్కించరు. నిద్రలేని మనిషి బండి మాత్రం అందరూ ఎక్కేస్తారు, ఎందుకంటే వాసన రాదు.

నిద్ర వస్తే తెలుస్తుంది కదా, అప్పుడు ఆపుకుంటాం అంటారు. తెలియదు. ఇది నేను చదివి చెప్పడం లేదు, నాకు జరిగింది చెబుతున్నాను.

2010 చలికాలం, పెళ్లిళ్ల సీజన్. వరసగా మూడు రాత్రులు బుకింగులు. మూడో రాత్రి పెళ్లివారితో విజయవాడ వెళ్తున్నాను. సూర్యాపేటలో టీ తాగడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది మునగాల దగ్గర నా భుజం మీద పడ్డ దెబ్బ. వెనక సీట్లో ఉన్న పెద్దావిడ "నాయనా!" అని అరిచి కొట్టింది. అప్పటికే ఎడమ చక్రాలు మట్టిలో ఉన్నాయి. మధ్యలో ఉన్న ఇరవై చిల్లర కిలోమీటర్లు నేనెలా తోలానో ఈ రోజుకీ నాకు గుర్తు లేదు. కళ్లు తెరిచే ఉన్నానట, ఆవిడ అద్దంలో చూస్తూనే ఉందట. ఇలా తెలియకుండా మళ్లీ మళ్లీ వచ్చే కునుకుని మైక్రోస్లీప్ అంటారు. మూడు నాలుగు సెకన్ల పాటు బుర్ర ఆగిపోతుంది, కళ్లు మాత్రం మూసుకోకపోవచ్చు. 90 వేగంలో నాలుగు సెకన్లంటే 100 మీటర్లు.

కోదాడలో బండి ఆపి, నాకు నిద్ర వస్తోంది, కాసేపు పడుకుంటాను అని చెప్పాను. ముహూర్తం దాటిపోతుందని ఇద్దరు ముగ్గురు గొడవ చేశారు. ఆ పెద్దావిడే "పడుకోనివ్వండి, మనం ఉంటే కదా ముహూర్తం" అంది. 40 నిమిషాలు పడుకుని లేచాను. ఆవిడ ఊరు, పేరు నాకు తెలియదు. ఈ రోజుకీ రాత్రిపూట మునగాల దాటుతుంటే ఆవిడే గుర్తొస్తుంది. అప్పటి నుంచి అర్ధరాత్రి 12 నుంచి 4 మధ్య బయల్దేరే బుకింగు నేను తీసుకోను. బేరం పోతే పోయింది.

చాయ్ తాగుతాం కదా అంటారా? టీ, కాఫీలు పనిచేయడం మొదలుపెట్టేది తాగిన 20, 30 నిమిషాలకి. తాగిన వెంటనే బండి తీస్తే ఆ అరగంటా మీరు నిద్రమత్తులోనే తోలుతున్నట్టు. తాగి, బంకులో లైట్లున్న చోట బండి పెట్టి, సీటు వెనక్కి వాల్చి 20 నిమిషాలు కునుకు తీయండి. లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. అద్దాలు దించడం, పాటల సౌండు పెంచడం, మొహం కడుక్కోవడం, ఇవన్నీ కొద్ది నిమిషాల ముచ్చట. పక్క సీట్లోవాళ్లు మాట్లాడుతూ ఉంటారులే అనుకోవద్దు, చౌటుప్పల్ దాటేసరికి వాళ్లే ముందు నిద్రపోతారు.

ఆవలింతలు ఆగకపోవడం, ఇప్పుడే దాటిన ఊరి పేరు గుర్తురాకపోవడం, బండి తెల్లగీత మీదికి జరగడం, స్పీడు కారణం లేకుండా తగ్గి పెరగడం. వీటిలో ఒక్కటి కనబడినా ఆపాల్సిందే. ఇంకో 30 కిలోమీటర్లే కదా అనే మాట చాలా ఇళ్లలో చివరి మాట అయింది.

వెళ్లేటప్పటికంటే తిరుగు ప్రయాణం ఇంకా ప్రమాదం. రాత్రి ముహూర్తానికి పెళ్లి, తలంబ్రాలయ్యాక భోజనాలు, రెండింటికి "సోమవారం ఆఫీసుంది" అని బయల్దేరడం. బండి తోలే తమ్ముడు రెండు రోజులుగా సరిగ్గా పడుకుని ఉండడు. పెళ్లింట్లో పెద్దవాళ్లు ఆ మాట ఒక్కసారి అడగండి. తాళాలు దాచిపెట్టినా తప్పు లేదు.

మరి ఎప్పుడు బయల్దేరాలి? రాత్రి ఏడు గంటలు పడుకుని, పొద్దున ఐదున్నరకి. చలికాలమైతే ఆరున్నర దాకా ఆగండి. డిసెంబర్, జనవరిల్లో చౌటుప్పల్, చిట్యాల వైపు, అటు కంచికచర్ల, ఇబ్రహీంపట్నం వైపు మంచు పట్టేస్తుంది. ఐదున్నరకి ఎల్బీ నగర్ దాటితే ఊళ్లో ట్రాఫిక్ మొదలవదు. పంతంగి టోల్ దాటేసరికి వెలుగొస్తుంది. ఎనిమిదికి సూర్యాపేట, అంటే సగం దూరం. అక్కడ టిఫిన్, బాత్రూం, పిల్లల్ని అరగంట పరిగెత్తనివ్వండి. తొమ్మిదిన్నరకి కోదాడ, పదకొండు పదకొండున్నరకి విజయవాడ. తెల్లవారుజామునే దర్శనం కావాలంటే ముందురోజు సాయంత్రం నాలుగింటికి వెళ్లి, అక్కడ గది తీసుకుని పడుకోండి. గది అద్దె దండగ అనిపిస్తే, బంపర్ మార్పిస్తే ఎంతవుతుందో ఏ మెకానిక్‌నైనా అడగండి.

అపోహ: మ్యాప్‌లో నాలుగున్నర గంటలు చూపిస్తోంది, కాబట్టి నాలుగున్నర గంటలే

అది బండి కదిలే సమయం. మీ అమ్మగారి మోకాళ్ల నొప్పి, పాప వాంతి, డీజిల్ మ్యాప్‌కి తెలియవు. దానికి గంటన్నర కలుపుకోండి. ఆ గంటన్నర ముందే లెక్కలో ఉంటే మధ్యలో స్పీడు పెంచాలనిపించదు. 100 బదులు 120లో పోతే 200 కిలోమీటర్లకి మిగిలేది 20 నిమిషాలు. అది కూడా ఒక్కసారీ బ్రేకు వేయకుండా పోగలిగితే. సంక్రాంతి ముందు రెండు మూడు రోజులైతే ఈ లెక్కలేవీ పనిచేయవు. గుంటూరు వైపు వెళ్లేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగానో, లేదంటే నాగార్జునసాగర్ మీదుగానో పోవడం మేలు.

అపోహ: ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలి, లేకపోతే పేలిపోతాయి

ఇది చెప్పేవాళ్లలో పంక్చర్ షాపువాళ్లు కూడా ఉన్నారు, అందుకే కోపం వస్తుంది. జరిగేది పూర్తిగా తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ఎక్కువగా నలుగుతాయి, ఆ నలుగుడుకే వేడెక్కుతుంది, పేలుతుంది. ఎండకి గాలి నాలుగైదు పాయింట్లు పెరుగుతుందని కంపెనీకి తెలుసు, అది లెక్కలో వేసుకునే నంబరిచ్చింది. డ్రైవర్ డోరు తెరిస్తే స్టిక్కర్ ఉంటుంది. ఐదుగురు, లగేజీ ఉంటే ఫుల్ లోడు నంబరు విడిగా ఉంటుంది, అది పట్టించండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపే కొలవాలి. స్టెప్నీలో గాలి చూసేవాళ్లు నూటికి ఒక్కరు కూడా కనబడలేదు నాకు. టైరు మీద నాలుగంకెల నంబరు కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు బాగున్నా రబ్బరు ముసలిదైతే హైవేకి పనికిరాదు.

నిమ్మకాయలు తొక్కించి బయల్దేరండి, నేనూ తొక్కిస్తాను. టైరు కింద నిమ్మకాయ పెట్టడానికి వంగినప్పుడే ఆ టైరుని చేత్తో తడిమి చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

వెనక సీటువాళ్లకి బెల్టు అక్కర్లేదంటారు. చట్టప్రకారం కావాలి. గుద్దినప్పుడు బెల్టు లేని వెనకమనిషి ముందుమనిషి మీద వచ్చి పడతాడు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో మాత్రం కూర్చోకండి.

వానలో, మంచులో నాలుగు ఇండికేటర్లూ వేసి తోలకండి. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియకుండా పోతుంది. అవి ఆగి ఉన్న బండికి.

చేతి గడియారంతో పిల్లలు ఫాస్టాగ్ స్కాన్ చేసి డబ్బు లాగేస్తారని ఇప్పటికీ వీడియో తిరుగుతోంది. 2022లోనే ఫాస్టాగ్ చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ అది అబద్ధమని చెప్పింది. ఫాస్టాగ్ డబ్బు మనిషికి పోదు, నమోదైన టోల్ వంటి వ్యాపారులకే పోతుంది. అలాంటివి ఫార్వర్డ్ చేసే బదులు మీ ట్యాగులో డబ్బుందో, కేవైసీ సరిగ్గా ఉందో చూసుకోండి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోళ్లున్నాయి. 2025 నవంబర్ 15న వచ్చిన నిబంధనలో, ట్యాగు పనిచేయకపోతే నగదుకి రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు అన్నారు.

యాక్సిడెంట్ దగ్గర ఆగితే కేసులో ఇరుక్కుంటామని భయపడి వెళ్లిపోకండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి. మీ బండే ఆగిపోతే 1033, అది హైవేల వాళ్ల నంబరు, 24 గంటలూ ఉంటుంది. ముందు మనుషులందర్నీ రెయిలింగ్ అవతలకి పంపించి, ఆ తర్వాతే ఫోన్ చేయండి.

హైవే అంటే భయమని, అందుకే తోలడం మానేశానని చెప్పేవాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు, ఎక్కువగా కొత్తగా కారు నేర్చుకున్న ఆడవాళ్లు. మీకు చెబుతున్నాను, భయపడేవాళ్లు అద్దాలు చూస్తారు, దూరం పాటిస్తారు, అలసిపోతే ఆగుతారు. ఎడమ వరసలో 80లో పోండి. వెనకనుంచి హారన్ కొడితే కొట్టనివ్వండి. మొదటిసారి సూర్యాపేట దాకా వెళ్లి, టిఫిన్ చేసి వెనక్కి వచ్చేయండి. రెండోసారి కోదాడ.

శుక్రవారం ఫోన్ చేసిన తమ్ముడు నా మాట విని శనివారం ఐదున్నరకి బయల్దేరాడు. ఎనిమిదింబావుకి సూర్యాపేట నుంచి పాప ఇడ్లీ తింటున్న ఫోటో పంపాడు. మధ్యాహ్నానికి దర్శనమైంది. ఆదివారం రాత్రి పదింటికి మళ్లీ ఫోన్: "అన్నా, మామయ్యవాళ్లింట్లో భోజనాలయ్యాయి. రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా, బయల్దేరనా?" పడుకో, సోమవారం సగం రోజు సెలవు పెట్టు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ పక్కన పెట్టి "అమ్మా, పక్కలు వేయండి" అనడం వినబడింది.